మార్ల్‌గేట్ ఆల్బియన్ గోల్‌కీపరు

హెడ్లీ థార్న్‌బర్ టిక్కెట్టు కొనుక్కుని మైదానంలోకి వెళ్ళి ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా చూడలేదు. జనం గుంపుగా ఉన్నచోట అతనికి ఊపిరి ఆడేది కాదు. చాపెల్‌లో ప్రార్థనకి కూడా తలుపు పక్క చివరి బల్ల మీదే కూర్చునేవాడు. అలాంటి మనిషి పందొమ్మిదేళ్ళ పాటు, వారం తప్పకుండా, నలభై వేల మందితో కిక్కిరిసిన మైదానాన్ని తన వంటింటి బల్ల మీద గీశాడు.

పోయిన నవంబర్‌లో పోయాడు. సమాధి దగ్గర పాస్టరుతో కలిపి ఆరుగురం ఉన్నాం. ఊరి పత్రికలో రెండు లైన్లు వేశారు. అందులో పేరు, వయసు, వీధి ఉన్నాయి. ఏం చేసేవాడో లేదు. పక్కింట్లో ముప్పై నాలుగేళ్ళు బతికినదాన్ని, నాకు తెలిసింది నేను రాసిపెడుతున్నాను.

మార్ల్‌గేట్ అనే ఊరు ఎక్కడా లేదు. మార్ల్‌గేట్ ఆల్బియన్ అనే జట్టూ లేదు. 'ర్యాటిల్' అనే మగపిల్లల బొమ్మల వారపత్రికలో, ప్రతి శుక్రవారం, నడిమి రెండు పేజీల్లో మాత్రం ఉండేది. ఆ జట్టుకి ముందుండి గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్ డేనీ ఫ్లెచర్. ఉత్తర ఇంగ్లండులో మా ఊరు కోల్న్ వీధుల్లో గోడకి బంతి కొట్టే ప్రతి పిల్లాడూ ఆ రోజుల్లో డేనీ ఫ్లెచరే. పుట్టినరోజుకి అతనికి కార్డులు పంపేవారు. లండన్ ఆఫీసులో వాటికి ఒక పెట్టె పెట్టారట. బొమ్మలు గీసేవాడి పేరు మాత్రం పత్రికలో ఎప్పుడూ వెయ్యలేదు. కొత్తలో హెడ్లీ ఒక మూల పొడి అక్షరాలు పెడితే తెల్లరంగు పూసి కప్పేశారు. మళ్ళీ పెట్టలేదు.

అతని అమ్మ మార్తా నేతపని చేసేది. మగ్గాల మోతకి చెవులు ఎప్పుడో పోయాయి. నేనూ నేసేదాన్నే; మా మిల్లు షెడ్డుల్లో అందరం నోరు పెద్దగా కదిపి, గొంతు లేకుండా మాట్లాడుకునేవాళ్ళం. హెడ్లీ ఇంట్లో కూడా అదే భాష. చిన్నప్పటి నుంచి ఎదుటి మనిషి నోటిని చూస్తూ పెరిగాడు కాబట్టి అతను గీసిన నోళ్ళు నిజంగా మాట్లాడుతున్నట్టు ఉండేవి. తండ్రి అతనికి రెండేళ్ళప్పుడు ఫ్రాన్స్‌లో యుద్ధంలో పోయాడు. రాత్రి బడిలో బొమ్మలు నేర్చుకుని, బిస్కెట్ డబ్బాల మీద పూలు గీశాడు. ఇంకో యుద్ధంలో సైన్యానికి పటాలు గీశాడు. పందొమ్మిది వందల యాభైలో ఆల్బియన్ దొరికింది. అదే ఏడాది మార్తా పోయింది. ఆ తరువాత ఆ ఇంట్లో అతనూ, ఆల్బియనూ.

పని ఇలా జరిగేది. మంగళవారం లండన్ నుంచి టైపు చేసిన కథ వచ్చేది. ఏ బొమ్మ గడిలో ఎవరు ఎటు తన్నాలి, ఎవరు ఏమనాలి అన్నీ అందులో ఉండేవి. రాసేవాడెవరో హెడ్లీకి తెలియదు. వచ్చే సోమవారానికి రెండు పేజీలు గీసి, రెండు అట్టల మధ్య కట్టి, మధ్యాహ్నం రైలుకి ఇచ్చేవాడు. మాటల బుడగలు అక్కడ వాళ్ళు అతికించుకునేవారు. ఆ పేజీలు దుకాణాల్లోకి రావడానికి సరిగ్గా పది వారాలు పట్టేది.

ముఖాలు మాత్రం మా వీధివే. జనంలో మొదటి వరసలో టోపీ ఊపేవాడు కసాయి దుకాణం ఎల్లిస్. ఆల్బియన్ మేనేజరుది చాపెల్‌లో ఆర్గాన్ వాయించే ఆయన గడ్డం. గోల్‌కీపరు జాస్ ట్రాంటర్‌ది నా భర్త క్లెమ్ ముఖం.

క్లెమ్, హెడ్లీ బడిలో ఒకే బల్ల. కుర్రతనంలో క్లెమ్ చాపెల్ జట్టుకి గోల్ కాసేవాడు. హెడ్లీ వల వెనక నిలబడి ఆటగాళ్ళ కోట్లు పట్టుకునేవాడు. అక్కడ జనం ఉండరు కదా. నేను పక్క ఊరు నెల్సన్ నుంచి ఈ వీధికి కోడలిగా వచ్చేసరికి క్లెమ్‌కి ముప్పై మూడు. ఆట మానేసి చాలా కాలమైంది. మిల్లులో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. మా వైపు మేస్త్రీల మీద లేని జోకు ఉండదు. ఊళ్ళో తెలివితక్కువ పని ఏది జరిగినా వాళ్ళ ఖాతాలోనే వేస్తారు.

ట్రాంటర్ ఎగిరి బంతి పట్టే బొమ్మ కావలసినప్పుడల్లా ఆదివారం మధ్యాహ్నం హెడ్లీ పెరట్లో పాత పరుపు పరిచేవారు. నేను ఇటువైపు గోడ దగ్గర స్టూలెక్కి చూసేదాన్ని.

"ఇంకోసారి దూకరా. కుడిచెయ్యి ఇంకాస్త పైకి."

"ఇది పదకొండోసారి. నా నడుం నిన్నే పోయింది."

"ట్రాంటర్‌కి నడుం నొప్పి ఉండదు."

"వాడికి పెళ్ళాం లేదు, అందుకని."

"వినపడింది," అన్నాను నేను.

"వినాలనే అన్నా," అన్నాడు క్లెమ్, పరుపు మీద పడుకునే.

"మేస్త్రీని గోల్‌లో పెడితే ఇంతే," అన్నాడు హెడ్లీ పెన్సిలు చెక్కుతూ. "బంతి వస్తుంటే ముందు మిషన్ ఆపండి అంటాడు."

"నువ్వో? బంతి వస్తుంటే కోటు అడ్డం పెట్టుకుని నిలబడతావు."

అలా ఏళ్ళు గడిచాయి. మాకు పిల్లలు కలగలేదు. హెడ్లీకి పెళ్ళి కాలేదు. ఆదివారం మాంసం కూరిన 'పై' చేస్తే మూడు ముక్కలు కోసేదాన్ని.

అరవై రెండు ఫిబ్రవరిలో, ఒక మంగళవారం పదిన్నరకి, క్లెమ్ మగ్గాల మధ్య సందులో పడిపోయాడు. గుండె ఆగింది. నేను నాలుగు వరసల అవతల నా మగ్గాల దగ్గరే ఉన్నాను. అయిదు వందల మగ్గాలు ఆడుతుంటే మనిషి పడిన చప్పుడు ఎవరికి వినపడుతుంది? నా పక్క మగ్గాల ఏడా భుజం తట్టి, నోరు కదిపి చెప్పింది. మీ ఆయన, అంది. పడిపోయాడు, అంది. మేం చేరేసరికి అతని పక్కన మగ్గం ఇంకా ఆడుతూనే ఉంది.

శనివారం పూడ్చాం. తరువాతి శుక్రవారం నేను రొట్టె కోసం బయటికి వెళ్ళాను. డక్‌వర్త్ గారమ్మ పేపర్ల దుకాణం కిటికీలో, తాడుకి వేలాడుతూ 'ర్యాటిల్' కొత్త సంచిక. ఆ వారం ఆల్బియన్ బొమ్మ అట్ట మీద వేశారు. క్లెమ్ గాలిలో అడ్డంగా తేలుతున్నాడు. వేళ్ళ చివర బంతి. కళ్ళు తెరిచి ఉన్నాయి. నోట్లోంచి వచ్చిన బుడగలో, "ఇది నాది, కుర్రాళ్ళూ," అని ఉంది.

డక్‌వర్త్ గారమ్మ బయటికి వచ్చింది. "ఐవీ తల్లీ, పొద్దున కట్ట విప్పి వేలాడదీశా, చూసుకోలేదు. తీసేస్తానుండు."

"తియ్యకండి," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

రొట్టె కొనలేదు. తిన్నగా హెడ్లీ తలుపు దగ్గరికి వెళ్ళి పిడికిలితో బాదాను. అతను సిరా మరకల చేతులతోనే తీశాడు.

"సిగ్గుందా నీకు? మట్టి ఇంకా ఆరలేదు. వారం తిరక్కుండా ఆయన్ని బొమ్మ గీసి అమ్ముకుంటావా?"

"అది డిసెంబర్ మొదట్లో గీసింది, ఐవీ." చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "పది వారాల ముందు పంపాలి. నువ్వు స్టూలెక్కి చూశావు కూడా. ఎర్ర దుప్పటి కప్పుకుని ఉన్నావు."

గుర్తొచ్చింది. చలికి నేను తిడుతుంటే క్లెమ్ ఇంకా రెండుసార్లు కావాలని దూకాడు.

"మరి ముందే చెప్పొద్దా?"

"రెండుసార్లు మీ గుమ్మం దాకా వచ్చా. ఏమని చెప్పాలి? శుక్రవారం నీ మొగుడు దుకాణంలో కనిపిస్తాడు, అటువైపు పోకు అని చెప్పాలా?"

"వెనక్కి తెప్పించు."

"అచ్చులో ఉన్నాయి."

"ఇంకా ఎన్ని ఉన్నాయి?"

అతను తలుపు అంచు పట్టుకుని నేల చూశాడు. "తొమ్మిది," అన్నాడు.

ఆ రాత్రి అతన్ని నేను క్షమించలేదు. రెండో శుక్రవారం చుట్టు తిరిగి వేరే వీధిలోంచి మిల్లుకి వెళ్ళాను. సాయంత్రం తిరిగొస్తూ నా కాళ్ళు తిన్నగా దుకాణానికే వెళ్ళాయి. డక్‌వర్త్ గారమ్మ ఏమీ అడగకుండా ఒక ప్రతి మడిచి చేతిలో పెట్టింది. నలభై ఏళ్ళ ఆడదాన్ని, మగపిల్లల బొమ్మల పత్రిక కోటు లోపల పెట్టుకుని ఇంటికొచ్చాను. ఆ వారం క్లెమ్ మూడు గడుల్లో ఉన్నాడు. మూడో వారం అయిదింటిలో. అప్పటికి గురువారం నుంచే ఎదురు చూడటం మొదలుపెట్టాను. మిగతా రోజుల్లో ఇంట్లో అతను లేడు. శుక్రవారం ఉన్నాడు.

నాలుగో శుక్రవారం పత్రిక మూసి, గోడ అవతలికి వెళ్ళాను.

"ఈ తొమ్మిదీ అయ్యాక?"

హెడ్లీ పక్కకి జరిగాడు. బల్ల మీద సగం అయిన పేజీ ఉంది. జనం, వల, బురద అన్నీ సిరాలో అయిపోయాయి. గోల్ మధ్యలో ట్రాంటర్ నిలబడి ఉన్నాడు. ముఖం ఉండాల్సినచోట తెల్లగా ఉంది.

"మూడు వారాలు ముఖం దాచాను, రెండుసార్లు గోల్ స్తంభం వెనక," అన్నాడు. "ఒకసారి చెయ్యి అడ్డం పెట్టాను. ఈ కథలో దగ్గరనుంచి చూపించాలి. సోమవారం పంపాల్సింది, ఇవాళ శుక్రవారం. లండన్ నుంచి టెలిగ్రాం వచ్చింది."

"గియ్యి మరి."

"రావటం లేదు. పెన్సిలు పెట్టగానే శవపెట్టెలో పడుకున్న ముఖమే వస్తోంది. వేరే ముఖం పెట్టేద్దామా అనుకుంటున్నా."

"వద్దు." గట్టిగానే అన్నాను. "ఆయన్ని గోల్‌లోంచి తియ్యకు, హెడ్లీ. నాకింకేం లేదు."

"తియ్యను," అన్నాడు. పెన్సిలు చేతిలోకి తీసుకుని, "నువ్వు చెబుతావా ఎలా ఉండేదో?" అన్నాడు.

అతని ఎదురుగా కూర్చున్నాను. చెప్పడం మొదలుపెట్టాను. ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి. కోపం వచ్చినా నవ్వొచ్చినా చెవులే ముందు ఎర్రబడతాయి. పై పెదవి దగ్గర గడ్డం గీసుకునేటప్పుడు ఎప్పుడూ వదిలేసే చోటు ఒకటి ఉంది. నేను చెబుతుంటే ఆ తెల్లచోటులో క్లెమ్ మెల్లగా పైకి వచ్చాడు.

ఆ తరువాత ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. దూకే బొమ్మ కావలసి వస్తే క్లెమ్ పాత ఆకుపచ్చ గోల్‌కీపరు జెర్సీ తొడుక్కుని, తలకి గుడ్డ కట్టుకుని నేనే పరుపు మీద దూకాను. మొదటిసారి పెరటి తలుపు మీద పడి మోచెయ్యి చీరుకుంది. హెడ్లీ నవ్వాడు. అంత్యక్రియల తరువాత అతను నవ్వడం అదే మొదటిసారి.

"బంతి అటు, నువ్వు ఇటు. ఆల్బియన్ మీద ఒక గోలు."

"ఎవర్ని చూసి దూకమంటావు? మా ఆయన ఎన్నడూ నేర్పలా."

మిల్లులో సంగతి పొక్కింది. మా షెడ్డులో రహస్యం ఉండదు. ఇద్దరి మధ్య మాట మూడో వరస మీదుగా పోతుంటే చూసే ప్రతివాళ్ళకీ అందుతుంది.

"ఆదివారాలు హెడ్లీ పెరట్లో ఎగురుతున్నావట," అంది ఏడా, మగ్గాల మీదుగా నోరు పెద్దగా తెరిచి.

"గోల్ కాస్తున్నా," అన్నాను నేనూ అలాగే.

"ఆఁ, ఏ గోలు?"

అటువైపు నలుగురు భుజాలు కదిలేలా నవ్వారు. నేను తెగిన పోగు వెతుక్కుంటూ తల వంచుకున్నాను. తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు. ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటల సేపు నా ఇంటి గోడలు నా మీదకి వచ్చేవి కావు, అంతే.

మేం చేసిన తప్పు వేరే ఉంది. అది మా ఇద్దరికీ కనపడలేదు.

కథలో డేనీ ఫ్లెచర్ మూడు గోల్స్ కొట్టాడని ఉండేది. హెడ్లీ ఆ మూడు గోల్స్‌నీ మైదానం ఈ చివరి నుంచి, ఆల్బియన్ గోల్ దగ్గర నిలబడి చూసినట్టు గీసేవాడు. ముందు ట్రాంటర్ వీపు, భుజం, చెవి. దూరంగా ఎక్కడో చీమంత డేనీ. ట్రాంటర్ చేతులు నడుం మీద పెట్టుకుని చూస్తున్నాడు. ట్రాంటర్ చేతొడుగులు సర్దుకుంటున్నాడు. ఒక వారం నేను "ఆయన వానలో ఎలా నిలబడేవాడో నీకు తెలీదు" అంటే, అర పేజీ గడిలో వానలో నిలబడ్డ ట్రాంటర్ ఒక్కడే. బంతి కూడా లేదు. ఎంత బాగుందో చెప్పలేను. ఆ పేజీ చూస్తూ టీ చల్లార్చుకున్నాం.

ఆ పేజీలు మే చివర నుంచి దుకాణాల్లోకి వచ్చాయి. 'ర్యాటిల్' వెనక పేజీలో ప్రతివారం ఒక కూపన్ ఉండేది. నచ్చిన మూడు కథల పేర్లు రాసి పిల్లలు లండన్‌కి పంపాలి. ఏ కథ ఉండాలో, ఏది పోవాలో ఆ కూపన్లే చెప్పేవి. ఆగస్టులో సంపాదకుడు పార్జిటర్ గారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. హెడ్లీ నాకు ఇచ్చి చదవమన్నాడు.

ఆల్బియన్ రెండో స్థానం నుంచి ఏడుకి పడిపోయిందట. "మా పాఠకులకి పదకొండేళ్ళు, థార్న్‌బర్ గారూ," అని రాశాడు. "వాళ్ళు డేనీ ఫ్లెచర్ కోసం వస్తే మీరు వాళ్ళకి ఒక నడివయసు మనిషి చెవులు చూపిస్తున్నారు." దానితోపాటే కొత్త కథ. ట్రాంటర్ భుజం కీలు తప్పుతుంది. ఆట మానేస్తాడు. అతని స్థానంలో కాలిన్ డే అని పదిహేడేళ్ళ కుర్రాడు వస్తాడు.

"రాయి వాళ్ళకి," అన్నాను.

"ఏమని?"

"కుదరదని."

"ఐవీ, పన్నెండేళ్ళలో నేను వాళ్ళకి పేజీలే పంపాను. ఉత్తరం పంపలేదు."

"ఇప్పుడు పంపు. తియ్యనన్నావు నువ్వు."

పంపాడు. వారం రోజుల్లో నాలుగు చిత్తుప్రతులు రాశాడు. ఇకనుంచి డేనీని దగ్గరగా గీస్తాననీ, ట్రాంటర్‌ని మాత్రం ఉంచమనీ అడిగాడు. కారణం రాయలేదు. జవాబు మూడు లైన్లు. కథ ఉన్నట్టు గియ్యండి, లేదంటే ఇటలీలో బొమ్మలు గీసే ఒకాయన సిద్ధంగా ఉన్నారు, అని.

నేను వారమంతా అతనితో మాట్లాడలేదు. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే పైకిటికీ దగ్గర నిలబడి నోరు కదిపేవాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆదివారం గోడ తట్టాడు.

"రా, ఒకటి చూపిస్తా. దారి దొరికింది."

వెళ్ళాను. అంత ఉత్సాహంగా అతన్ని ఎప్పుడూ చూడలేదు. జుట్టుకి నీళ్ళు రాసి దువ్వుకున్నాడు. బల్ల మీద పెన్సిలు బొమ్మ, ఇంకా సిరా పెట్టలేదు.

"కథలో పదిహేడేళ్ళు అని ఉంది. జుట్టు నల్లగా అని ఉంది. ముఖం ఎలా ఉండాలో ఎక్కడా లేదు," అన్నాడు. "చూడు."

గోల్ స్తంభానికి ఆనుకుని ఒక కుర్రాడు. కాలరు ఒకవైపు లేచి ఉంది. పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు, పక్కన ఎవరో తమాషాగా ఏదో అంటే నవ్వినట్టు. జుట్టు గుబురుగా నుదుటి మీద పడుతోంది. చెవులు చూసి పోల్చుకున్నాను.

"క్లెమ్," అన్నాడు హెడ్లీ. "ముప్పై ఒకటిలో, పదిహేడేళ్ళప్పుడు. కుర్రాడు కాబట్టి ఇంకో ఇరవై ఏళ్ళు ఆడతాడు. కూపన్లు ఎన్ని వచ్చినా వీణ్ణి ఎవరూ తియ్యలేరు. నీకు ప్రతి శుక్రవారం ఉంటాడు."

నేను ఆ బొమ్మని చాలాసేపు చూశాను. నాకు తెలిసిన క్లెమ్‌కి నుదుటి మీద జుట్టు లేదు. అంత పెద్దగా నవ్వేవాడు కాదు. నవ్వితే నోరు మూసుకుని, చెవులు ఎర్రబడేలా. ఈ కుర్రాడు నన్ను ఎన్నడూ చూడలేదు. వీధిలో ఎదురైతే నా పక్కనుంచే వెళ్ళిపోతాడు. ఏడు నెలలుగా లోపల ఏదో పట్టుకుని ఉన్నాను. అది అప్పుడు జారిపోయింది.

"ఇతనెవరో నాకు తెలీదు," అన్నాను.

"క్లెమ్మే, ఐవీ. అచ్చం ఇలాగే. నేను..."

"నీకు కావచ్చు. నా మనిషి కాదు."

"ఇంకాస్త చూడు. రెండు వారాలు పోతే అలవాటవుతుంది."

"అలవాటు చేసుకోవాలా మొగుణ్ణి? చెరిపెయ్. పోనీ, ఇంక ఆయన్ని పోనీ."

"మొత్తం?"

"మొత్తం చెరిపెయ్, హెడ్లీ."

అతను కుర్చీలో కూర్చున్నాడు. దీపం కాస్త దగ్గరికి జరుపుకున్నాడు, ఏదో గీయబోతున్నట్టు. ఆ బొమ్మని ఒకసారి చూసి రబ్బరు తీశాడు. కాలరు, భుజం, జుట్టు, ఆ వరసలో చెరిపాడు. నవ్వు చివర. తరువాత బాతు ఈకతో రబ్బరు పొడి ఊడ్చి, బల్ల అంచు నుంచి అరచేతిలోకి పట్టి, పొయ్యిలో వేశాడు.

"టీ పెట్టనా?" అన్నాడు.

"పెట్టు," అన్నాను.

టీ తాగి ఇంటికొచ్చాను. నా మనిషి కాదన్నాను. మరి ఎవరి మనిషో ఆలోచించలేదు.

ట్రాంటర్ సెలవు తీసుకునే పేజీ నవంబర్‌లో వచ్చింది. నవ్వుతూ పాఠకుల వైపు చెయ్యి ఊపుతున్నట్టు గియ్యమని కథలో ఉంది. హెడ్లీ అతన్ని వెనకనుంచి గీశాడు. బట్టల సంచి భుజాన వేసుకుని, తల కొంచెం వంచి, చీకటి నడవలోకి వెళ్ళిపోతున్న వీపు. పార్జిటర్ గారు మళ్ళీ ఇలా చెయ్యొద్దని రాశాడు. ఆ సంచిక నా దగ్గర ఉంది. అదే నేను కొన్న చివరిది.

కాలిన్ డేకి అతను పెట్టిన ముఖం ఎవరిదీ కాదు. బట్టల దుకాణం కిటికీలో నిలబెట్టే బొమ్మల్లో అలాంటి ముఖాలు ఉంటాయి. పిల్లలకి నచ్చాడు. ఆల్బియన్ కూపన్లలో మళ్ళీ మూడుకి వచ్చింది. నేను ఆదివారాలు వెళ్ళడం మానేశాను. అడిగితే ఏం చెప్పేదాన్నో గానీ అతను అడగలేదు. కొన్నేళ్ళ తరువాత దంతవైద్యుడి దగ్గర ఒక పాత 'ర్యాటిల్' కనిపిస్తే తిరగేశాను. ఎల్లిస్ లేడు, ఆర్గాన్ ఆయన గడ్డం లేదు. జనమంతా చుక్కలు. నలభై వేల చుక్కలు.

అరవై తొమ్మిదిలో 'ర్యాటిల్'ని ఇంకో పత్రికలో కలిపేశారు. ఆ పరిశ్రమలో పత్రిక చావుని ఎప్పుడూ అట్ట మీద పండగలాగా ప్రకటిస్తారు. "మీ అందరికీ గొప్ప శుభవార్త, వచ్చేవారం నుంచి రెండు పత్రికలు ఒకటిగా," అని. ఆల్బియన్ కొత్త పత్రికలోకి వెళ్ళలేదు. ఆఖరి మ్యాచ్ సగంలో ఆగిపోయింది, ఒకటీ ఒకటీ సమానం. ఆ తరువాత హెడ్లీ అల్లిక నమూనాల కాగితాల మీద స్వెట్టర్లు వేసుకున్న మనుషుల్ని గీశాడు.

మీరిద్దరూ పెళ్ళెందుకు చేసుకోలేదని ఏడా నన్ను చాలాసార్లు అడిగింది. ఒక గోడకి అటొకరూ ఇటొకరూ ఉన్నాం. అతని పొయ్యి బొగ్గు కదిపితే నాకు వినపడేది. నా రేడియో అతనికి వినపడేది. వానొస్తుంటే పైకిటికీలోంచి నోటితో చెప్పేవాడు, నేను బట్టలు తీసుకునేదాన్ని. మమ్మల్ని అంతకన్నా దగ్గర చేసిన మనిషి ఒకడు ఉండేవాడు. ఇప్పుడు లేడు.

పోయిన అక్టోబర్‌లో హెడ్లీ మంచం పట్టాడు. ఊపిరితిత్తులు. శనివారాలు నేను వెళ్ళి కూర్చునేదాన్ని, సాయంత్రం పత్రిక చదివి వినిపించేదాన్ని. ఒక శనివారం, ఎందుకో అప్పుడు, పందొమ్మిదేళ్ళు ఆలస్యంగా అడిగాను.

"ఆ కుర్రాడి బొమ్మ ఎందుకు చెరిపావు?"

ఏ కుర్రాడని అడగలేదు అతను. "నువ్వు చెరపమన్నావు."

"నేను వద్దంటే నీకూ వద్దా? ఉంచుకుంటానని అనొచ్చుగా."

"మొగుడు నీ మొగుడు," అన్నాడు. ఊపిరి కూడగట్టుకుని, "నేనేమని అడగను?" అన్నాడు.

దుప్పటి మీద అతని చెయ్యి ఉంది. వేళ్ళ సందుల్లో సిరా ఎన్నాళ్ళయినా పోలేదు. దాని మీద నా చెయ్యి పెట్టాను.

"మళ్ళీ గీస్తావా? కాగితం తెస్తాను. నాకోసం కాదు. నీకోసం."

అతను నిజంగానే ఆలోచించాడు. కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"కాలరు వస్తోంది," అన్నాడు చివరికి. "అక్కడితో ఆగిపోతోంది, ఐవీ."

అతను పత్రిక వైపు గడ్డంతో చూపించాడు, చదవమని. మిగిలింది ఆ రోజు ఫుట్‌బాల్ ఫలితాల పేజీ ఒక్కటే. అతనికి అవి ఎప్పుడూ అక్కర్లేదు. అయినా మొదటి డివిజన్ నుంచి మొదలుపెట్టి, జట్టు పేరు, గోల్స్, జట్టు పేరు, గోల్స్, నాలుగో డివిజన్ చివరి దాకా చదివాను. మధ్యలో ఆపమనలేదు.